అడవికి భారం కాని చిన్న ఇల్లు
కరెంటు తీగ లేని చోట కట్టడం ఎలా? నీరు, వెలుగు, నిప్పు, దారి.. లెక్క ముందు, పునాది తర్వాత

చెన్నేకొత్తపల్లి (శ్రీ సత్యసాయి జిల్లా): బీడు భూమిని కొని, కంచె వేసి, పశువులను, మంటలను ఆపి పదేళ్లపాటు కాపాడితే అక్కడ చెట్లు వాటంతట అవే లేస్తాయి. ఈ సంగతి జిల్లాలో అనేక గుట్టల మీద రుజువైంది. అలా తిరిగి వచ్చిన అడవిని చూసుకుంటూ అక్కడే చిన్న ఇల్లు కట్టుకుని ఉండాలన్న కోరిక ఇటీవల పలువురిలో కనిపిస్తోంది. పదవీ విరమణ పొందిన ఉద్యోగులు, నగరాల నుంచి తిరిగివచ్చిన యువకులు, సొంత పట్టా భూమిలో చెట్లు పెంచిన రైతులు ఈ ఆలోచన చేస్తున్నారు. అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. పట్టణంలో కట్టే పద్ధతిలోనే అడవిలోనూ ఇల్లు కడితే, దానికోసం వేసే దారి, తవ్వే బోరు, నరికే చెట్లు, వెలిగించే పొయ్యి కలిసి అడవినే మింగేస్తాయి. ఏళ్ల తరబడి పెరిగిన పచ్చదనం ఒక్క వేసవిలో బూడిద కావచ్చు. అందుకే ఇటువంటి చోట ఇంటి నమూనా గోడల దగ్గర మొదలు కాకూడదు. ఆ నేల ఎంత నీరు ఇవ్వగలదు, ఎంత రాకపోకను తట్టుకోగలదు అన్న లెక్కతో మొదలు కావాలి.

ముప్పై ఏళ్ల శ్రమ

కరవు సీమలో అడవిని తిరిగి తేవడం సాధ్యమేనని చూపిన ప్రదేశాల్లో చెన్నేకొత్తపల్లి సమీపంలోని టింబక్టు ముఖ్యమైనది. 1990 ప్రాంతంలో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రులు ఇక్కడ 32 ఎకరాల బీడు భూమిని తీసుకుని పని ప్రారంభించారు. ప్రకృతిని తన పని తాను చేసుకోనివ్వాలన్న జపాన్ రైతు మసనోబు ఫుకువోకా ఆలోచనలు వారికి ప్రేరణగా నిలిచాయి. నేలను, చుట్టూ ఉన్న గుట్టలను మేత నుంచి, గొడ్డలి నుంచి, నిప్పు నుంచి కాపాడారు. వాన నీటిని నిలిపేందుకు చిన్న చిన్న గట్లు వేశారు. కొన్నేళ్లకు గుట్టలు పచ్చబడ్డాయి. అక్కడి నివాసాలకు వెలుగు సూర్యరశ్మి నుంచే అందుతోంది.

అదే బాటలో 1990 దశకం ఆరంభం నుంచి ముష్టికోవెల గ్రామస్థులు, ఆ తర్వాత చుట్టుపక్కల పల్లెల వారు కలిసి వేల ఎకరాల బంజరును కాపాడుకున్నారు. అదే నేడు కల్పవల్లి పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఇక్కడ తోడేళ్లు, కృష్ణజింకలు, నెమళ్లు మళ్లీ కనిపిస్తున్నాయి. ఇళ్ల పైకప్పులకు వాడే బోద గడ్డి, ఈత ఆకు పల్లెలకు ఆదాయ వనరుగా మారాయి.

ఇదంతా ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే నేలలో జరగడం విశేషం. ఇక్కడ అడవి తిరిగి రావడానికి ప్రధాన కారణం కొత్తగా నాటిన మొక్కలు కాదు. నరికిన మోళ్ల వేళ్లు నేలలో బతికే ఉంటాయి. వాటి పిలకలను మేకలు కొరకకుండా, మంటలు కాల్చకుండా కొన్నేళ్లు ఆపితే చాలు. చిరుమాను, నారయేపి, బిల్లు, అంకుడు, మోదుగ వంటి మెట్ట చెట్లు ఇలాగే లేస్తాయి. అయితే వీటి ఎదుగుదల చాలా నెమ్మది. ఇల్లు కట్టేవారు మొదట గుర్తుంచుకోవాల్సింది ఇదే. నరికిన ఒక్క నారయేపి స్థానంలో మరొకటి ఆ ఎత్తుకు రావడాన్ని కట్టినవారు తమ జీవితకాలంలో చూడకపోవచ్చు.

ఎక్కడ కట్టకూడదు?

రిజర్వు అటవీ భూమిలో నివాసాలు కట్టడానికి వీల్లేదు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ఈ విషయంలో కఠినంగా ఉంది. ఊరుమ్మడి బంజర్లు, మేత పోరంబోకులు గ్రామస్థులందరివీ కాబట్టి అక్కడా సొంత ఇంటికి తావు లేదు. సొంత పట్టా భూమిలో అడవిని పెంచుకున్నవారికే ఈ వివరాలు వర్తిస్తాయి. వారు సైతం వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చుకునే నిబంధనలను తహసీల్దారు కార్యాలయంలో, నిర్మాణ అనుమతిని పంచాయతీలో తెలుసుకున్నాకే ముందుకు వెళ్లాలి. చెట్టు నరకడానికైనా, బోరు తవ్వడానికైనా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తప్పనిసరి.

ఇక సొంత భూమిలో స్థలం ఎంపిక. చెట్లు దట్టంగా ఉన్న చోటు అందంగా ఉంటుంది కాబట్టి అందరి చూపూ అక్కడికే పోతుంది. కట్టకూడని మొదటి చోటు అదే. వంక ఒడ్డు రెండోది. ఏడాదిలో పది నెలలు ఎండి ఉండే వంక సెప్టెంబరులో ఒక్క రాత్రి వానకు పొంగుతుంది. పైగా జంతువులు నీటికోసం నడిచే దారి కూడా అదే. గుట్ట కొన మూడోది. అక్కడ గాలి తాకిడి, పిడుగు భయం ఎక్కువ. వాలు వెంట మంట పైకి వేగంగా పాకుతుంది కనుక కార్చిచ్చుకు ముందుగా చిక్కేదీ అదే.

ఇంటికి అనువైనది భూమి అంచున, పాత బండిబాటకు దగ్గరగా, ఇప్పటికే చెట్లు లేని ఖాళీ జాగా. పాత కళ్లం, పాడుబడిన కొట్టం ఉన్న చోటు, ఎప్పుడో మట్టి తవ్వి వదిలేసిన స్థలం వంటివి మేలు. పది అడుగులకు ఒక అడుగు మించి వాలు లేని నేలైతే గుట్టను కోసి చదును చేయాల్సిన పని ఉండదు. ఎంచుకున్న చోటును ఒక పూర్తి వానాకాలం, ఒక పూర్తి వేసవి గమనించాకే గునపం వేయడం మంచిది. నీరు ఎటు పారుతుందో, గాలి ఎటు నుంచి వీస్తుందో, జంతువుల కాలిబాటలు ఎక్కడున్నాయో ఏడాది తిరిగితే గానీ తెలియదు.

ఇంటి కంటే దారే ప్రమాదం

నాలుగు వందల చదరపు అడుగుల ఇల్లు ఒక సెంటు భూమిలో ఇమిడిపోతుంది. దానికోసం పన్నెండు అడుగుల వెడల్పున 300 మీటర్ల దారి వేస్తే అది దాదాపు 27 సెంట్లను తినేస్తుంది. అంతటితో ఆగదు. వాలును కోసిన చోట మట్టి కరిగి వంకల్లో పేరుకుంటుంది. వాన నీరు దారి వెంట కాలువలా పరుగెత్తి గండ్లు కొడుతుంది. లారీ చక్రాలతో, తెచ్చిన ఇసుకతో వయ్యారిభామ, సర్కారు తుమ్మ విత్తనాలు లోపలికి చేరతాయి. 2010 తర్వాత కల్పవల్లి గుట్టలపై గాలిమరల కోసం వెడల్పాటి దారులు వేసినప్పుడు వాలులు కోతకు గురై, వంకలు పూడిపోతున్నాయని స్థానికులు ఆందోళన వ్యక్తం చేయడం తెలిసిందే. కాలుష్యం లేని విద్యుత్తుకు సైతం దారి రూపంలో అడవి మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

కాబట్టి వాహనం భూమి అంచునే ఆగాలి. అక్కడి నుంచి ఇంటి వరకు మూడు నాలుగు అడుగుల కాలిబాట చాలు. సామగ్రిని ఎద్దులబండి పైనో, తలమోపులుగానో చేరవేయవచ్చు. దీనివల్ల కూలి ఖర్చు పెరిగే మాట నిజమే. కానీ మోసుకురాక తప్పదన్నప్పుడు ఎంత సామగ్రి అవసరమో యజమాని ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇల్లు దానంతట అదే చిన్నదవుతుంది.

ఇరవై అడుగులు.. పదహారు అడుగులు

ఇద్దరికి సరిపడే ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. తూర్పు పడమరలుగా 20 అడుగుల పొడవు, ఉత్తర దక్షిణాలుగా 16 అడుగుల వెడల్పు. ఉత్తరం వైపు 20 అడుగుల పొడవున నాలుగడుగుల వసారా. లోపల ఒకే పెద్ద గది, ఆగ్నేయ మూలన వంటకు చోటు, పడమట స్నానానికి, సామాను పెట్టుకోవడానికి చిన్న అరలు. మధ్యాహ్నం తర్వాత కాసే ఎండ పడమటి గోడపై పడినా ఈ అరలు అడ్డుండి నివాస గదికి వేడి చేరనివ్వవు. జూన్ నుంచి ఆగస్టు వరకు నైరుతి గాలి బలంగా వీస్తుంది కనుక ఆగ్నేయంలోని పొయ్యి పొగ ఇంట్లోకి రాకుండా బయటికే పోతుంది. వాస్తు పాటించేవారికీ అభ్యంతరం ఉండదు. కిటికీలు ఉత్తర దక్షిణ గోడలకు ఎదురెదురుగా ఉండాలి. పడమటి గోడకు గాలి పోయే చిన్న రంధ్రాలు చాలు.

గోడలకు కాల్చిన ఇటుక వాడకపోవడం ఉత్తమం. ఇటుక బట్టీకి కట్టెలు కావాలి. ఒక అడవిలో ఇల్లు కట్టడానికి మరో చోట చెట్లను కాల్చడం అర్థం లేని పని. దీనికి ప్రత్యామ్నాయం ఒత్తిడి మట్టి ఇటుక. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన ‘అస్త్ర’ విభాగం గ్రామీణ అవసరాల కోసం ఈ పద్ధతిపై విస్తృతంగా కృషి చేసింది. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్రమట్టిని జల్లించి, నూటికి 5 నుంచి 8 పాళ్ల సిమెంటు కలిపి, చేతి యంత్రంలో గట్టిగా నొక్కి ఇటుకలు తీస్తారు. మూడు వారాలపాటు తడుపుతూ నీడన ఆరబెడితే చాలు, కాల్చే పని లేదు. నల్లరేగడి ఇందుకు పనికిరాదు. అది తడికి ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. ఈ ఇటుకలను పల్లెలోనే తయారుచేసి బండిలో తేవడం మేలు. అలా చేస్తే అడవిలో మట్టి తవ్వాల్సిన, తడపడానికి నీళ్లు మోయాల్సిన అవసరం తప్పుతుంది.

పునాదికి స్థానిక రాయి చాలు. నేల మట్టం నుంచి రెండడుగుల ఎత్తు బేస్‌మెంటు ఉంటే వాన జల్లు మట్టి గోడను తాకదు, చెద పట్టదు, పాములు, తేళ్లు సులువుగా లోపలికి రావు. చూరు గోడను దాటి రెండడుగులు బయటికి ఉండాలి. మట్టి గోడకు పాదరక్ష, గొడుగు రెండూ ఉంటే తరాలు నిలుస్తుందని పాత మేస్త్రీలు చెప్పేది ఇందుకే.

పైకప్పు విషయంలో ఒక నిర్ణయం తీసుకోవాలి. బోద గడ్డి కప్పు చల్లగా ఉంటుంది, స్థానికంగా దొరుకుతుంది. కానీ ఒక్క నిప్పురవ్వ చాలు అది అంటుకోవడానికి. పైగా గడ్డి మీదుగా జారిన వాన నీరు రంగు మారి తాగడానికి పనికిరాదు. బావి లేని చోట ఇది పెద్ద లోపం. అందుచేత ఇంటికి మంగుళూరు పెంకులు, వాటి కింద సీలింగు పెంకులు వేసి రెండు పొరలుగా కప్పడం ఉచితం. వాసాలకు నీలగిరి, సరుగుడు వంటి తోటల్లో పెంచిన కలప వాడాలి. అడవిలోని మాను జోలికి పోరాదు. బోద గడ్డిపై మక్కువ ఉన్నవారు విడిగా ఉండే పందిరికి దాన్ని వాడుకోవచ్చు.

నీటి లెక్క

అడవి నడుమ బోరు తవ్వడం గురించి ముందుగా చెప్పుకోవాలి. జిల్లాలో బోర్లు వందల అడుగుల లోతుకు వెళ్లినా నీరు పడుతుందన్న హామీ లేదు. పడినా, ఏళ్ల తరబడి గట్లు వేసి నేలలో దాచిన నీటిని ఇల్లు లాగేసుకోవడమే అవుతుంది. కనుక పైకప్పు మీద పడిన వాననే ఇంటి ఆదాయంగా భావించాలి.

వసారాతో కలిపి 20 అడుగుల చదరపు కట్టడానికి అన్ని వైపులా రెండడుగుల చూరు చేరిస్తే కప్పు కింద విస్తీర్ణం 24 అడుగులు ఇంటూ 24 అడుగులు, అంటే 576 చదరపు అడుగులు. మీటర్లలో సుమారు 53. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 550 మిల్లీమీటర్ల వానకు 29 వేల లీటర్లు పడుతుంది. ఆవిరి, చిందడం, మొదటి నీళ్లు వదిలేయడం పోగా నూటికి 80 వంతులు దక్కుతుందనుకుంటే సుమారు 23 వేల లీటర్లు.

ఇప్పుడు ఖర్చు. ఇద్దరు రోజుకు తలా 30 లీటర్లతో సరిపెట్టుకుంటే ఏడాదికి 21,900 లీటర్లు. ఆదాయం, ఖర్చు దాదాపు సరిపోయాయి. తలా 40 లీటర్లు వాడితే 29,200 అవుతుంది, అంటే ఆరు వేల లీటర్ల లోటు. పట్టణాల్లో మరుగుదొడ్డికే ఒక్కొక్కరికి రోజుకు 30 లీటర్లు పోయే సందర్భాలున్నాయి. నీటితో కడిగే మరుగుదొడ్డి ఇక్కడ ఎందుకు కుదరదో ఈ లెక్కే చెబుతుంది.

వాన ఎక్కువగా జూన్ నుంచి నవంబరు మధ్య పడుతుంది. ఆ తర్వాత ఆరు నెలలు దాచుకున్న నీటితోనే గడవాలి. రోజుకు 60 లీటర్ల చొప్పున 180 రోజులకు 10,800 లీటర్లు. నిప్పు ప్రమాదం కోసం ఎప్పుడూ అడుగున ఉంచాల్సిన వెయ్యి లీటర్లు కలిపితే 12 వేల లీటర్ల తొట్టె కావాలి. ఆరడుగుల లోతు, తొమ్మిదిన్నర అడుగుల వ్యాసం గల గుండ్రటి తొట్టె ఇందుకు సరిపోతుంది. ఇనుప వల, సిమెంటుతో కట్టే ఫెర్రోసిమెంటు తొట్టెకు సామగ్రి తక్కువ పడుతుంది. తొట్టెకు వెలుగు సోకని మూత, దోమ దూరని వల తప్పనిసరి. సీజనులో తొలి వానకు కప్పు మీది దుమ్ము, ఆకులు, పక్షి రెట్టలు కొట్టుకొస్తాయి. మొదటి రెండు మిల్లీమీటర్ల నీటిని, అంటే సుమారు వంద లీటర్లను, పక్క గొట్టంలోకి మళ్లించి వదిలేయాలి. తాగేనీటిని ఇసుక, బొగ్గు పొరల్లో వడకట్టి కాచుకోవాలి.

అయితే సగటు వాన అన్నది కాగితం మీది మాట. కరవు ఏడాదిలో 300 మిల్లీమీటర్లే పడితే దక్కేది 12,700 లీటర్లు. రోజుకు ఇద్దరికీ కలిపి 35 లీటర్లు. తాగడానికి, వంటకు, పాత్రలకే అది సరిపోతుంది. ఆ ఏడాది ఇంట్లో ఉండే రోజులు తగ్గించుకోవాలి, లేదా ఊరి నుంచి నీళ్లు తెచ్చుకోవాలి. ఈ మాట ముందే ఒప్పుకున్నవారే ఇక్కడ ఇల్లు కట్టడం మంచిది. ఒప్పుకోనివారు రెండో ఏడాదికే బోరు బండిని పిలుస్తారు.

వెలుగు లెక్క

విద్యుత్తుకూ ఇదే సూత్రం. ఏడు వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, రోజుకు ఐదు గంటలు వెలిగితే 140 వాట్ అవర్లు. ముప్పై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, పది గంటలు తిరిగితే 600. ఫోన్లకు 30, ల్యాప్‌టాప్‌కు రెండు గంటలకు 100. మొత్తం 870, సుమారుగా 900 వాట్ అవర్లు. అంటే యూనిట్ కంటే తక్కువే. పాతరకం ఫ్యాన్లు ఒక్కొక్కటి 75 వాట్లు లాగుతాయి. అవే వాడితే ఫ్యాన్లకే 1,500 వాట్ అవర్లు కావాలి. కాబట్టి పెద్ద ప్యానెళ్లు కొనే ముందు మంచి ఫ్యాన్లు కొనడం లాభం.

తీగల్లో, బ్యాటరీలో, వేడికి పోయే నష్టాలు కలుపుకుంటే రోజుకు సుమారు 1,250 వాట్ అవర్లు ఉత్పత్తి కావాలి. మబ్బు రోజులను దృష్టిలో ఉంచుకుని నిండు ఎండను నాలుగు గంటలుగా లెక్కిస్తే 330 వాట్ల ప్యానెల్ ఒక్కటి చాలు. రెండు రోజులు ఎండ లేకున్నా గడవాలంటే 1,800 వాట్ అవర్ల నిల్వ ఉండాలి. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీని నూటికి 80 వంతుల వరకు వాడుకోవచ్చు కనుక 24 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సరిపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలను సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతాయి. అవే వాడదలిస్తే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్లవి రెండు కావాలి. ఇస్త్రీ పెట్టె, గీజరు, మిక్సీ, కరెంటు పొయ్యి ఈ లెక్కలో ఇమడవు. ఫ్రిజ్ పెడితే అవసరం దాదాపు రెట్టింపవుతుంది.

ప్యానెల్‌ను ఇంటి కప్పుపైనే పెట్టాలన్న నియమం లేదు. ఇల్లు నీడలో ఉండటమే మేలు, ప్యానెల్ ఎండలో ఉండాలి. ప్యానెల్‌పై ఒక కొమ్మ నీడ పడినా ఉత్పత్తి గణనీయంగా పడిపోతుంది. అందుకని చెట్టు కొట్టే బదులు ముప్పై, నలభై అడుగుల దూరంలోని ఖాళీ జాగాలో స్తంభంపై దక్షిణం వైపు సుమారు 15 డిగ్రీల వాలుతో నిలిపితే సరిపోతుంది. దూరం పెరిగితే తీగ మందం పెంచాలి. 2024లో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం రాయితీ విద్యుత్ లైనుకు అనుసంధానమైన ఇళ్లకు ఉద్దేశించినది. తీగ లేని ఇంటికి ఆ ఆశ పెట్టుకోకుండా ఖర్చు అంచనా వేసుకోవాలి.

రాత్రి వెలుగు కూడా అడవికి భారమే. ఇంటి బయట రాత్రంతా వెలిగే తెల్లని దీపం పురుగులను పోగుచేస్తుంది, రాత్రి తిరిగే జంతువులను దారి మళ్లిస్తుంది. నడిచేటప్పుడు చేతి టార్చి చాలు. వసారాలో కిందికి మాత్రమే వెలుగు పడే పసుపు దీపం ఒకటి ఉంటే సరి.

నిప్పుతో జాగ్రత్త

ఫిబ్రవరి నుంచి మే వరకు గడ్డి ఎండి ఉంటుంది. టింబక్టు, కల్పవల్లి గుట్టల్లో ఏటా గడ్డి కోసి అగ్గి నిరోధక దారులు తీయడం, కాపలా ఉండటం వల్లనే అడవి నిలిచింది. ఇల్లు కట్టినవారు ఆ కాపలాలో భాగస్వాములు కావాలి. ఇంటి చుట్టూ 30 అడుగుల మేర ఎండుగడ్డిని జనవరిలోనే కోసేయాలి. చెట్లను కొట్టనవసరం లేదు. మనిషి ఎత్తు వరకు ఎండు కొమ్మలను తీసేస్తే నేల మీది మంట పైకి ఎక్కదు. పెంకుల సందుల్లో, చూరు గొట్టాల్లో పేరుకున్న ఆకులను వారానికోసారి ఊడ్చాలి. కట్టెల మోపును గోడకు ఆనించి పెట్టరాదు.

వంటకు గ్యాసు సిలిండరు సురక్షితం. కట్టెల పొయ్యి వాడితే పొగగొట్టం ఉన్న మెరుగైన పొయ్యి, గొట్టం కొనకు రవ్వలు ఎగరకుండా సన్నని ఇనుప వల అమర్చాలి. బూడిదను నీళ్లు చల్లిన గుంతలోనే వేయాలి. బయట చలిమంటలు, బాణసంచా, పారేసిన బీడీ ముక్క.. వీటిలో ఏ ఒక్కటైనా గుట్టను కాల్చడానికి చాలు. తొట్టె అడుగున దాచిన వెయ్యి లీటర్లను ఎంత కొరత వచ్చినా ముట్టుకోకూడదని చెప్పింది ఇందుకే.

మరుగుదొడ్డి, చెత్త

నీరు అవసరం లేని పొడి మరుగుదొడ్డిలో రెండు గదులు ఉంటాయి. మూత్రం విడిగా పోతుంది. మలంపై ప్రతిసారీ బూడిద, ఎండుటాకుల పొడి చల్లుతారు. ఒక గది నిండాక మూసేసి రెండోది వాడతారు. మూసినదాన్ని ఏడాది కదపకుండా ఉంచితే వాసన లేని ఎరువుగా మారుతుంది. దాన్ని చెట్ల మొదళ్లలో పూడ్చవచ్చు, కూరగాయలకు వాడరాదు. వంకకు కనీసం వంద అడుగుల దూరంలో, నేల మట్టానికి పైన దీన్ని కట్టాలి. స్నానం నీరు, పాత్రలు కడిగిన నీరు చిన్న గుంతలోకి మళ్లిస్తే రెండు అరటి చెట్లు బతుకుతాయి.

తిండి చెత్తను బయట వేస్తే మొదట కోతులు, తర్వాత అడవిపందులు, చివరికి ఎలుగుబంట్లు అలవాటు పడతాయి. మనిషి తిండికి మరిగిన ఎలుగు మనిషికి ఎదురుపడక మానదు. అందుకని గట్టి మూత ఉన్న డబ్బాలోనే చెత్త ఉంచి, ప్లాస్టిక్, గాజు, పాత బ్యాటరీలను తిరిగి ఊరికి తీసుకుపోవాలి. పెంపుడు కుక్కను, పిల్లిని అడవిలో వదలడం నేలపై గూడు కట్టే పక్షులకు ప్రాణాంతకం. ఇంటి చుట్టూ ముళ్లకంచె వేయడం వల్ల జింకలు చిక్కుకునే ప్రమాదం ఉంది. ముంగిట పచ్చిక, బోగన్‌విల్లా పెంచాల్సిన పని లేదు. ఊడ్చిన మట్టి వాకిలి, దాని చుట్టూ ఆ నేలలో పుట్టిన చెట్లే చాలు. కొత్తగా నాటాలనుకుంటే నారయేపి, కానుగ, రేల, మోదుగ వంటివాటిని గోడకు 15 అడుగుల దూరంలో నాటుకోవచ్చు.

ఏ పని ముందు?

మొదటి ఏడాది గమనించడానికి, గట్లు వేయడానికి. రెండో ఏడాది వాన ముందు తొట్టె, దానిపక్కనే నాలుగు స్తంభాలపై ఒక రేకుల పందిరి. ఆ వానాకాలం పందిరిపై పడిన నీరు తొట్టెలో చేరి నిర్మాణానికి ఉపయోగపడుతుంది. పందిరి కింద సామగ్రి తడవకుండా ఉంటుంది. వానలు వెనకపట్టాక పునాది, గోడలు. గడ్డి ఎండి నిప్పు భయం మొదలయ్యేలోగా కప్పు పూర్తి కావాలి. పని ముగిశాక పందిరి రేకులు విప్పి ఊరికి పంపవచ్చు. బేల్దారి పనికి, ఇటుకల తయారీకి, ఏటా గడ్డి కోతకు చుట్టుపక్కల పల్లెల వారినే పిలవడం అన్నివిధాలా మంచిది. అడవిని కాపాడినవారికి అందులో కట్టే ఇంటివల్ల నాలుగు పనిదినాలు దక్కాలి. మంట లేచిన రోజు ముందుగా పరుగెత్తుకొచ్చేదీ వారే.

నమూనా గీసుకున్నాక చివరిగా ఒక ప్రశ్న వేసుకోవాలి. ముప్పై ఏళ్ల తర్వాత ఈ ఇంట్లో ఎవరూ ఉండకపోతే ఏమవుతుంది? పెంకులు, కిటికీలు, ప్యానెల్, తొట్టె వల ఊరికి చేరతాయి. మట్టి గోడలు వానకు కరిగి మట్టిలో కలుస్తాయి. పునాది రాళ్ల సందుల్లో చిరుమాను పిలకలు లేస్తాయి. కాలిబాట గడ్డిలో కనిపించకుండా పోతుంది. అలా జరిగే వీలున్న నమూనాయే ఇక్కడికి తగినది. ఆ వీలు లేదనిపిస్తే ఇంటిని మరో నాలుగడుగులు తగ్గించడమో, అడవి అంచుకు మరో వంద అడుగులు జరపడమో పునాది తవ్వకముందే చేయాలి.